నలభై, అమ్మ, ఆధారం లేదు

ఆవిడ అసలు పేరు కాలేజీలో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదని మా అమ్మాయి అనేది. పిల్లలందరికీ ఆవిడ ఆధారం మేడం. లైబ్రరీలో ఎవరు ఏ మాటన్నా, ఆఖరికి బయట వాన పడుతోందన్నా, కళ్ళజోడు మీదనుంచి చూసి "ఆధారం?" అంటుందట. తడిసిన గొడుగు చూపిస్తే గానీ ఒప్పుకోదట.

నేను మాత్రం ఆవిడని చూడకముందే అనుమానించాను. ఎందుకు అనుమానించానో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి.

మా ఆయన మోటార్లకి వైండింగ్ చేసేవారు. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం గుండెనొప్పి వచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్తుంటే రైల్వే గేటు దగ్గర ఆటోలోనే పోయారు. గేటు పడి ఉంది. నేను అందరికీ చెప్పింది ఇదే. గేటు పడకపోతే బతికేవాడని బంధువులన్నారు, వీధిలోవాళ్ళన్నారు. చెప్పగా చెప్పగా ఆ మాట అరిగి నున్నగా అయిపోయింది. అయితే ఆ మధ్యాహ్నంలో ఒక అరగంట ఉంది. దాని గురించి నేను ఎవరికీ చెప్పలేదు. మా అమ్మాయికి కూడా చెప్పలేదు. అది బయటపడితే నా కూతురు మళ్ళీ నా మొహం చూస్తుందా అన్న భయంతోనే పదకొండు నెలలు బతికాను. మనసులో ఒకటి దాచుకుని తిరుగుతుంటే ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ ఏదో దాస్తున్నట్టే ఉంటారు.

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. నాలుగింటికి కాలేజీ వదిలితే నాలుగుంబావుకి ఇంట్లో ఉండేది. అలాంటిది ఉన్నట్టుండి ఆరింటికి రావడం మొదలుపెట్టింది.

"ఎక్కడికెళ్ళావే?"

"లైబ్రరీకమ్మా. ప్రసంగం పోటీ ఉంది. ఒప్పించే ప్రసంగం."

"ఎవర్ని ఒప్పించాలి?"

"వినేవాళ్ళని."

"ఏమని?"

గ్లాసులో నీళ్ళు తాగుతున్నది ఆగింది. "ఇంకా ఖాయం కాలేదమ్మా" అంది.

ఆ ఆగడం నాకు నచ్చలేదు. ఏమని ఒప్పించాలో తెలియకుండా రోజూ రెండేసి గంటలు ఏం చదువుతుంది? దాని చున్నీ వాసన చూశాను. పాత కాగితాల వాసనే వచ్చింది. అయినా నమ్మలేదు. పాత కాగితాల వాసన ఒక్క లైబ్రరీలోనే ఉంటుందా, రిజిస్ట్రారు ఆఫీసులో ఉండదా?

పైవాటాలో ఉండే కుట్టుమిషన్ అక్కతో చెప్పాను. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతుంది.

"ప్రసంగానికి నెలరోజులా! కొత్త మిషన్ కావాలని మా ఆయన్ని ఒప్పించడానికి నాకు రెండు పూటలు పట్టింది. అందులో ఒక పూట అన్నం మానేయడానికే సరిపోయింది. ఇదేదో పెద్ద ఒప్పందమే అయ్యుంటుందే పిల్లా."

నవ్వుతాలకే అంది. కానీ ఆ నవ్వు నాతోపాటే మెట్లు దిగి వచ్చేసింది.

రెండు రోజుల తర్వాత మా అమ్మాయి కుళాయి దగ్గర నిలబడి ఫోనులో మాట్లాడుతోంది. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. కిటికీలోంచి మాటలు స్పష్టంగా వినపడ్డాయి.

"అమ్మని చివర్లో పెడదాం మేడం. ముందే పెడితే వాళ్ళు ఒప్పుకోరు."

బియ్యం నీళ్ళతోపాటు సగం బియ్యం కూడా తూములోకి పోయాయి. నన్ను ఎక్కడ పెడతారు? ఎవరు ఒప్పుకోరు? అడుగుదామని నాలిక చివరిదాకా వచ్చింది. అడిగితే అది తిరిగి నన్నేమైనా అడుగుతుందేమోనని మింగేశాను.

ఆ మర్నాడే దాని సంచీ ఉతకడానికి తీస్తే అడుగున చీటీల కట్ట దొరికింది. పాత పుస్తకాల అట్టలు కత్తిరించి చేసినవి, పేకముక్కలంత ఉన్నాయి. పై చీటీ మీద మా అమ్మాయి రాతలో ఒక్క వరుసే ఉంది.

40 – అమ్మ – ఆధారం లేదు.

నేను ఎనిమిదో తరగతిదాకా చదివాను. అక్షరాలు కూడబలుక్కోవాల్సిన పని లేదు. అయినా నాలుగుసార్లు చదివాను. నాకు మొన్ననే నలభై నిండాయి. భర్త పోయిన రోజునుంచి ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ నా గురించి అన్న మాట కూడా అదే, పాపం ఆధారం లేనిదైపోయిందని. వాళ్ళు అన్నప్పుడు తల వంచుకుని విన్నాను. నా కూతురు రాతలో చూసి మాత్రం తల వంచుకుని ఊరుకోలేకపోయాను. మిగతా చీటీలు చూడకుండానే కట్ట పక్కన పెట్టి, ఆ ఒక్కటీ పట్టుకుని పైకి పరిగెత్తాను.

అక్క సూదులు తీసి దిండులో గుచ్చింది. చీటీని అటూ ఇటూ తిప్పింది.

"వయసు నలభై. ఎవరంటే, అమ్మ. ఆధారం లేదు. ఇవి వివరాలే పిల్లా. ఎక్కడో దరఖాస్తు పెట్టడానికి రాసుకుంది."

"దేనికి దరఖాస్తు?"

"ఆడవాళ్ళ ఆశ్రమానికైనా కావాలి, సంబంధానికైనా కావాలి. ఇంతకీ ఆ లైబ్రరీ ఆవిడకి పెళ్ళికాని తమ్ముడెవరైనా ఉన్నాడేమో కనుక్కున్నావా?"

"అక్కా!"

"సరేలే, తిట్టకు. కానీ వెళ్ళి అడుగు. ఇక్కడ కూర్చుని చీర కొంగు నలుపుకుంటే ఏం తెలుస్తుంది?"

మధ్యాహ్నం మూడు కావస్తుండగా బయల్దేరాను. ఆ వేళకి మా అమ్మాయికి పాఠాలుంటాయి, ఎదురు పడదు.

కాలేజీ వెనకవైపు, రైలు పట్టాల దిక్కున ఉంది లైబ్రరీ. పొడుగాటి గది. కిటికీ పక్క బీరువాల్లో పాత పేపర్లు నెలవారీగా కుట్టి పెట్టారు. ఒక మూల చిన్న చిన్న సొరుగుల పెట్టె, ప్రతి సొరుగుకీ ఒక అక్షరం. తలుపు పక్కన బల్ల వెనక ఒక పొట్టి మనిషి చిరిగిన పుస్తకానికి జిగురు రాస్తోంది. ముడిలో పెన్సిలు గుచ్చుకుంది. నన్ను చూసి ఎవరని అడగలేదు. ఒక పెద్ద రిజిస్టరు నా వైపు తిప్పింది.

"సంతకం పెట్టండి. వచ్చిన టైము రాయండి. పక్క గడిలో ఏం పనిమీద వచ్చారో రాయండి."

గడియారం చూసి టైము రాశాను. పని అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. పైనున్న వరుసల్లో చదువుకోడానికి, చదువుకోడానికి అనే ఉంది. నాకు అబద్ధం రాయడానికి కూడా ఏమీ తోచలేదు. "అనుమానం" అని రాసేశాను.

ఆవిడ రిజిస్టరు తన వైపు తిప్పుకుని చదివింది. మొహంలో నవ్వు లేదు.

"ముప్ఫై ఏళ్ళలో ఈ గడిలో నిజం రాసింది మీరే. కూర్చోండి. ఎవరి మీద?"

"మీ మీద" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చీటీ తీసి బల్ల మీద పెట్టాను. "నన్ను ఎక్కడికి పంపిద్దామని రాసుకున్నారు ఇది?"

ఆవిడ చీటీ చూసింది, నన్ను చూసింది. జిగురు చేతులు గుడ్డకి తుడుచుకుంది.

"మీరు ఆ అమ్మాయి తల్లా? ఈ నలభై మీ వయసనుకున్నారా?"

"కాదా?"

"మీ వయసు నాకెందుకమ్మా? ఇది నిమిషాలు. మీ ఆయనని తీసుకెళ్ళిన రోజు గేటు నలభై నిమిషాలు పడి ఉందని మీరు చెప్పారట కదా. గేటు దగ్గర వంతెన కట్టాలని మీ అమ్మాయి ప్రసంగం. పోటీకి రైల్వే ఆఫీసరు ముఖ్య అతిథిగా వస్తున్నాడు. ఆయన్ని ఒప్పించాలని దాని పట్టుదల. మీకు చెబితే మళ్ళీ ఏడుస్తారని చెప్పలేదంది. నా దగ్గర పద్ధతేమిటంటే ఒక చీటీకి ఒకటే మాట. ముందు మాట, తర్వాత చెప్పింది ఎవరు, ఆ తర్వాత ఆధారం. నలభై నిమిషాలు, చెప్పింది అమ్మ. ఆధారం దొరకలేదు. అంతే."

"మరి నన్ను చివర్లో పెడదామంది?"

"ప్రసంగం చివర్లో. ఏడుపు ముందు పెట్టి లెక్క తర్వాత పెడితే ఆఫీసర్లు లెక్క వినరు."

నా అనుమానం అక్కడితో తీరిపోవాలి. తీరలేదు సరికదా, భయంగా మారింది. నన్ను ఏ ఆశ్రమానికి పంపినా అంత భయపడేదాన్ని కాదేమో. వీళ్ళిద్దరూ నెలరోజులుగా తవ్వుతున్నది ఆ మధ్యాహ్నాన్ని.

"నా మాట ఆధారం కాదా?" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆవిడ లేచి వెనక బీరువాలోంచి ఇంకో రిజిస్టరు తెచ్చింది. అట్ట మీద పోయిన ఏడాది అంకె ఉంది.

"మధ్యాహ్నం రెండింటికి పిల్లలకి లైబ్రరీ పీరియడ్. ఆలస్యంగా వస్తే కారణం రాయాలి. అందరూ గేటు, గేటు అని రాసేవాళ్ళు. నాకు అనుమానం వచ్చింది, సగంమంది క్యాంటీన్‌లో కూర్చుని వస్తున్నారని. వట్టి గేటు అని రాస్తే చాలదు, ఎన్నింటికి పడిందో ఎన్నింటికి లేచిందో రాయమన్నాను. అబద్ధమైతే ఒకళ్ళ టైముతో ఇంకొకళ్ళ టైము కలవదు కదా. ఎనిమిదేళ్ళుగా రాస్తున్నారు. దొంగల్ని పట్టుకుందామని గీసిన గడి, చూస్తే గేటు చరిత్రంతా అందులోనే ఉంది. మీ అమ్మాయి ఎనిమిదేళ్ళ రిజిస్టర్లూ తిరగేసింది. పాత పేపర్లలో గేటు గురించి వచ్చిన వార్తలన్నీ తీసింది. వంతెన వద్దన్నవాళ్ళ మాటలు కూడా రాసుకోమన్నాను, అవీ రాసుకుంది."

పేజీ తిప్పి వేలు పెట్టింది. ఆ తేదీ నాకు ఎవరూ చూపించక్కర్లేదు. ముగ్గురు పిల్లలు మూడు రకాల రాతల్లో రాశారు. గేటు, 1.52 నుంచి 2.06. గేటు, 1.52 నుంచి 2.06. మూడోవాడు 1.50 నుంచి అని రాసి, కొట్టేసి 1.52 చేశాడు.

"పద్నాలుగు నిమిషాలు" అంది ఆవిడ.

సరిగ్గా అప్పుడే కిటికీ అవతల గేటు గంట మోగింది. ఆవిడ మాట ఆపి గడియారం చూసి, అలవాటుగా ముడిలోంచి పెన్సిలు తీసి ఒక కాగితం మీద టైము వేసుకుంది. నేను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను.

"నేను అబద్ధాలకోరుననే కదా మీరు అనేది?"

"కాదు. ఆధారం లేదన్నాను. ఈ రెండిటికీ మధ్య పదకొండు నెలలు నలిగినదాన్ని నేను."

అప్పుడు ఆవిడ తన సంగతి చెప్పింది. పంతొమ్మిదో ఏట ఇదే గదిలో దుమ్ము దులపడానికి చేరిందట. పుస్తకాల వీపుల మీద పేర్లు చదువుతూ చదువుతూ ఒక్కో పరీక్షా కట్టి పాసయింది. చేరిన మూడో ఏడు ఒక పెద్ద నిఘంటువు కనిపించకుండా పోయింది. బీరువా తాళాలు ఆవిడ దగ్గరే ఉండేవి. చిత్తుకాగితాలవాడికి వేసేసిందని ఒకరన్నారు, ఇక అందరూ అన్నారు. ఎవరూ ఎదురుగా అనలేదు. ఆవిడ వస్తే సంచులు దగ్గరికి లాక్కునేవారట. పదకొండు నెలల తర్వాత ప్రిన్సిపాల్ గదికి సున్నం వేయిస్తుంటే, ఆయన బీరువా వెనకనుంచి నిఘంటువు బయటపడింది. లోపల పుస్తకం తీసుకున్నట్టు చీటీ, చీటీ మీద ఆయన సంతకం.

"క్షమించమన్నారా?" అని అడిగాను.

"నిఘంటువు తెచ్చి నా చేతికిచ్చి, దుమ్ము దులపమన్నారు."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. ఆవిడ ఊరుకోమనలేదు, నీళ్ళు ఇవ్వలేదు. పుస్తకం అతుకు ఆరిందో లేదో చూసుకుంటూ కూర్చుంది. అందుకే చెప్పగలిగానేమో.

ఆ రోజు ఒంటిగంటకి మా ఆయన భోజనానికి వచ్చి ఛాతీలో పట్టేసినట్టుందన్నారు. గ్యాస్ అయ్యుంటుంది, వేడినీళ్ళు తాగి పడుకోండి అన్నాను. ఆయన వేడినీళ్ళు తాగి పడుకున్నారు. నేను బట్టల బకెట్టు పట్టుకుని మేడ మీదకి వెళ్ళాను. తీగ మీద ఖాళీ లేకపోతే అక్కవి జరిపి మావి ఆరేశాను. మడతలు పడకుండా దులిపి దులిపి మరీ ఆరేశాను. కిందికి వచ్చేసరికి అరగంట అయింది. ఆయన చొక్కా చెమటకి తడిసి ముద్దయింది. వీధిలో ఉండే ఆటో అతను వెంటనే వచ్చాడు. అప్పుడు గేటు.

"ఆ అరగంట నాది మేడం. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గేటు మీద వేసేశాను."

ఆవిడ లెక్క వేసుకున్నట్టు తల ఊపింది. సొరుగులోంచి ఖాళీ చీటీ తీసి, పెన్ను దాని మీద పెట్టి నా ముందుకు జరిపింది.

"చూసిన మనిషి కూడా ఆధారమే. తేదీ, టైము, సంతకం ఉండాలి. బలవంతమేమీ లేదు. రాయకపోతే ఆ నలభై చీటీ తీసేయిస్తాను, రిజిస్టరులో ఉన్నదే చెబుతుంది. ఎవరూ మిమ్మల్నేమీ అడగరు."

నిజమే, లేచి వచ్చేయొచ్చు. పెన్ను తీసుకున్నాను. ఒంటిగంటకి నొప్పి అన్నారు, నేను అరగంట ఆలస్యం చేశాను, గేటు పద్నాలుగు నిమిషాలు. ఇంతే రాశాను. "ఆలస్యం" అన్నచోట తప్పు పోయి దిద్దుకున్నాను. సంతకం పెట్టాను.

నాలుగింటికి మా అమ్మాయి లోపలికి వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. చీటీ చేతికిచ్చాను. చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. దాని పెదవులు కదులుతుంటే నేను కిటికీ వైపు చూశాను.

"పద్నాలుగని నెల కిందటే చూశానమ్మా" అంది చివరికి. "మిగతా టైము ఏమైందా అనుకున్నాను. ఆటో అన్న కావాలని చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడేమో అనుకున్నా. నెలరోజులుగా ఆయన పలకరిస్తుంటే మొహం తిప్పుకుంటున్నాను."

ఆ అరగంటకి నా బదులు ఎవరు శిక్ష అనుభవిస్తున్నారో అప్పటిదాకా నాకు తెలియదు.

రెండు రోజులు అది నాతో అవసరానికి మించి ఒక్క మాట కూడా అనలేదు. పిలిస్తే వచ్చేది, పెట్టింది తినేది. అయిపోయింది, నేను భయపడిందే జరిగిందనుకున్నాను. మూడో రోజు పొద్దున జడ వేసుకుంటూ అద్దంలోంచే అడిగింది.

"ఆ చీటీ చదవనా?"

"నీ ఇష్టం. చదివితే మాత్రం మొత్తం చదువు. గేటు సంగతి ఉంచి నా సంగతి తీసేయకు."

జడ సగంలో వదిలేసి, తల దువ్వెనతో సహా నా భుజం మీద పెట్టింది. దువ్వెన పళ్ళు గుచ్చుకున్నాయి. కదలలేదు నేను. కాలేజీకి వెళ్తూ వీధి మలుపులో ఆటో అతని దగ్గర ఆగి "బాగున్నావా అన్నా?" అంది. అతను తననేనా అని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

పోటీ రోజు అక్కని తోడు తీసుకుని చివరి బెంచీలో కూర్చున్నాను. ఎనిమిదేళ్ళలో గేటు ఎన్నిసార్లు పడింది, ఒక్కోసారి ఎంతసేపు, ఏ నెలలో ఎక్కువ, మా అమ్మాయి చీటీ తర్వాత చీటీ పక్కన పెడుతూ చెప్పింది. వంతెన కడితే దుకాణాలు పోతాయన్నవాళ్ళ మాట కూడా చెప్పి, దానికి జవాబు చెప్పింది. ఆఖరున నా చీటీ తీసింది.

"మా నాన్న పోయిన రోజు మా అమ్మ అరగంట ఆలస్యం చేసింది. ఇది మా అమ్మ రాసి సంతకం పెట్టిన చీటీ. ఆ అరగంట నాదేనని మా అమ్మ ఒప్పుకుంది. ఆ తర్వాతి పద్నాలుగు నిమిషాలు ఎవరు ఒప్పుకుంటారు?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆఫీసరు గొంతు సవరించుకుని, మర్యాదగానే, "అమ్మాయ్, ఈ పద్నాలుగు నిమిషాలకి ఆధారం ఏమిటి?" అన్నాడు.

ఒక్కసారిగా పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆయనకేమీ అర్థం కాలేదు. పక్క వరుసలోంచి ఒక పొట్టి మనిషి లేచి, రిజిస్టరు గుండెలకి హత్తుకుని, ఆయన బల్ల దగ్గరికి నడిచింది.

మా అమ్మాయికి రెండో బహుమతి వచ్చింది. వంతెన ఇంకా రాలేదు. ఆఫీసరు రిజిస్టర్ల నకలు అడిగి తీసుకెళ్ళాడు, ఇద్దరు మనుషులు వచ్చి గేటు దగ్గర టేపు పట్టుకుని కొలిచి వెళ్ళారు. కొలిచినంత మాత్రాన కడతారని ఆధారం మేడం నమ్మడం లేదు. వాళ్ళు వచ్చిన తేదీ మాత్రం రాసి పెట్టుకుంది.

పోటీ మర్నాడు చీటీలన్నీ సొరుగులో పెట్టడానికి వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. మా అమ్మాయి ఆ పాత చీటీ తీసింది. 40 కొట్టేసింది. చివరనున్న "లేదు" కూడా కొట్టేసింది. మేడం చెయ్యి అడ్డం పెట్టి సొరుగు ముయ్యనివ్వలేదు.

"ఇష్టం వచ్చినట్టు కొట్టేయడానికి ఇదేమైనా మీ ఇంటి గోడా? కొట్టేసినచోట సంతకం పెట్టు. రెండుచోట్లా."

మా అమ్మాయి నా వైపు చూసి నవ్వి, రెండుచోట్లా సంతకం పెట్టింది.